‘తనంతట తనే తాగాడు కదా, తప్పు నాదెలా అవుతుంది?’

ప్రశ్న: నేను అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వయసు 27. మరో ముగ్గురితో కలిసి ఒక అపార్టుమెంటులో ఉంటాను. ఎంఎస్ చదవడానికి ఖమ్మం వైపు నుంచి ఆగస్టులో వచ్చిన 22 ఏళ్ల కుర్రాడొకడు, వేరే ఇల్లు దొరికేదాకా మాతోనే ఉన్నాడు. సెప్టెంబరులో ఒక శనివారం మా ఇంట్లో పార్టీ చేసుకున్నాం. పులిహోర కలుపుకునే పెద్ద స్టీలు గిన్నెలో 750 మిల్లీలీటర్ల వోడ్కా సీసా ఒకటి, 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకు డబ్బాలు ఆరు నేనే పోసి కలిపాను. ఎర్ర ప్లాస్టిక్ గ్లాసుల్లో ముప్పావు వంతుకు నింపుకుని తాగాం. ఆ కుర్రాడికి మందు పెద్దగా అలవాటు లేదు. రెండు గ్లాసులయ్యాక ‘ఇంక చాలేమోరా’ అన్నాను. ‘అన్నా, నాకేం ఎక్కలేదు, కావాలంటే చూడు’ అంటూ పదిహేడో ఎక్కం గడగడా అప్పజెప్పాడు. అందరం నవ్వాం. మూడో గ్లాసు ఇచ్చాను. మొత్తం గంటన్నరలో అయిపోయింది. తర్వాత అరగంటకు బాత్రూములో వాంతి చేసుకుని పడి ఉన్నాడు, పిలిస్తే పలకలేదు. పోలీసులు వస్తారేమో, వీసాకు ఇబ్బందవుతుందేమో అని మాలో మేము వాదించుకుంటూ నలభై నిమిషాలు గడిపాకే ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు. వాళ్ల నాన్నగారు ఫోన్ చేస్తే ఫుడ్ పాయిజనింగ్ అని చెప్పాను. ‘మనం బలవంతం చేశామా? తనంతట తనే తాగాడు’ అంటారు మా రూమ్మేట్లు. ఇలాంటి డ్రింకులను ఒకప్పుడు ఇక్కడ ఆపేశారని ఆఫీసులో ఒకాయన అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. బాధ్యత ఎవరిది? అమ్మిన కంపెనీలదా, తాగిన అతనిదా, నాదా?

జవాబు: మొదట సూటిగా చెప్పేస్తాను. ఆ రాత్రి జరిగిన దాంట్లో మీ బాధ్యత ఉంది, అది చిన్నదేమీ కాదు. అయితే నిద్ర పట్టని రాత్రుల్లో మీరు అనుకుంటున్నట్టు అంతా మీ ఒక్కరి మీదే లేదు. ఎవరి వంతు ఎంత అని తేల్చుకోవాలంటే ఆ గిన్నెలో ఏం తయారైందో, ఆ సంగతి ఎవరికి ఎంత తెలుసో ముందు చూడాలి. నేను ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్పినదాన్ని కాబట్టి ముందు లెక్క చేసి, తర్వాత మాట్లాడతాను.

మీ సీసాలోని వోడ్కా మామూలుగా ఉండే 40 శాతం ఆల్కహాలుతో ఉన్నదనుకుంటే, అందులో 300 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఉంటుంది. ఆరు డబ్బాల ఎనర్జీ డ్రింకు కలిశాక మొత్తం 2,250 మిల్లీలీటర్లయింది, అంటే ఆ మిశ్రమంలో ఆల్కహాలు 13 శాతం పైచిలుకు. మీ గ్లాసులు సాధారణంగా అక్కడ దొరికే 16 ఔన్సులవైతే, ముప్పావు వంతంటే ఇంచుమించు 350 మిల్లీలీటర్లు. అమెరికాలో వైద్యులు ‘ఒక డ్రింకు’ అని లెక్కించేది 14 గ్రాముల ఆల్కహాలును. ఆ కొలతలో మీ ఒక్కో గ్లాసు రెండున్నర డ్రింకులకు పైన, మూడు గ్లాసులు దాదాపు ఎనిమిది డ్రింకులు. మన కాలేయం గంటకు సుమారు ఒక డ్రింకును మాత్రమే అరగదీయగలదు. మందు పెద్దగా అలవాటు లేని 22 ఏళ్ల కుర్రాడి ఒంట్లోకి గంటన్నరలో ఎనిమిది డ్రింకులు వెళ్లాయి. మీ చేతిలో ఉన్నది మాత్రం మూడు గ్లాసుల లెక్క. ఈ తేడా మీకు ఆ రోజు తెలియదని నేను నమ్ముతున్నాను.

ఇక కెఫీన్. అలాంటి 250 మిల్లీలీటర్ల డబ్బాలో సాధారణంగా 80 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ లెక్కన అతని వంతుకు వచ్చింది 220 మిల్లీగ్రాములకు కాస్త పైన. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. కాబట్టి కెఫీన్ పరిమితి దాటలేదు. దాటకుండానే అది తన పని తాను చేసింది.

ఆ పని ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ పదిహేడో ఎక్కం గురించిన వాక్యాన్నే. మనిషి తాగుతున్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం ప్రభావం పెరిగి కళ్లు మూతలు పడతాయి, నాలుక మొద్దుబారుతుంది, ఒళ్లు కూలబడుతుంది. చూసేవాళ్లకు అది వికారంగా ఉన్నా తాగేవాడికి అదే రక్ష, ఎందుకంటే నిద్ర ముంచుకొచ్చినవాడు ఇంకో గ్లాసు అడగలేడు. కెఫీన్ వెళ్లి ఆ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది, దాంతో నిద్ర మత్తు తెలియదు. రక్తంలోని ఆల్కహాలు మాత్రం ఒక్క చుక్క కూడా తగ్గదు, కాలేయం ఒక్క నిమిషం కూడా తొందరపడదు. మనిషి లోపల తాగినవాడుగానూ, పైకి మెలకువగా ఉన్నవాడుగానూ ఉంటాడు. 2006లో బ్రెజిల్ పరిశోధకులు 26 మంది యువకుల మీద దీన్నే పరీక్షించి చూశారు. ఎనర్జీ డ్రింకు కలిపి తాగినప్పుడు వారికి తలనొప్పి, నీరసం, చేతులూ కాళ్లూ తడబడుతున్న భావన తక్కువగా అనిపించాయి గాని, కొలిచి చూస్తే తడబాటు ఉన్నంతా ఉంది, ప్రతిస్పందించే వేగమూ మెరుగుపడలేదు.

అందువల్ల ఆ అబ్బాయి ‘నాకేం ఎక్కలేదు’ అన్నప్పుడు అబద్ధమాడలేదు, బడాయికీ పోలేదు. తనకు నిజంగానే ఎక్కినట్టు తెలియలేదు. ‘తనంతట తనే తాగాడు’ అన్న మాట సారాకో బీరుకో ఎంతోకొంత వర్తిస్తుందేమో గాని, ఈ మిశ్రమం దగ్గర నిలవదు. ఎంత తాగానో తెలుసుకుని ఆగడానికి మనిషికి ఉన్న ఆ లోపలి సూచననే ఇది మూసేస్తుంది. సూచన మూసుకుపోయిన మనిషి ఇచ్చిన సమ్మతిని అడ్డం పెట్టుకుని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

మీ ఆఫీసులో ఆయన చెప్పింది నిజమే. ఆ కథ కొంత మీరున్న ఊరితో ముడిపడినది కూడా. కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ముగ్గురు స్నేహితులు 2005లో ఫ్యూజన్ ప్రాజెక్ట్స్ అనే కంపెనీ పెట్టారు. షికాగో కేంద్రంగా నడిచిన ఆ కంపెనీ ‘ఫోర్ లోకో’ అనే పానీయాన్ని అమ్మింది. మాల్టు నుంచి తీసిన ఆల్కహాలులో కెఫీన్, టారిన్ అనే అమైనో ఆమ్లం, కెఫీన్ ఉండే గ్వారానా గింజల సారం, దండిగా చక్కెర, పళ్ల రుచులు కలిపి, మిలిటరీ దుస్తుల మీది మచ్చల్లాంటి ముదురు రంగుల డిజైనుతో, పొడవాటి డబ్బాలో ఇచ్చేవారు. డబ్బా 23.5 ఔన్సులు, అంటే దాదాపు 695 మిల్లీలీటర్లు. చాలా రాష్ట్రాల్లో దాని ఆల్కహాలు 12 శాతం. లెక్క వేస్తే ఒక్క డబ్బాలో నాలుగున్నర డ్రింకులకు పైనే ఉన్నట్టు. మూడు డాలర్లకు అటూ ఇటూగా దొరికేది. మీ స్టీలు గిన్నెలోని మిశ్రమం 13 శాతమని పైన చెప్పాను. తెలియకుండానే మీరు దానికంటే కాస్త ఘాటైనదాన్ని తయారు చేశారు.

2010 అక్టోబరు మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రాస్లిన్ అనే చిన్న ఊళ్లో, ఒక ఇంట్లో జరిగిన పార్టీ నుంచి సెంట్రల్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన తొమ్మిది మంది విద్యార్థులను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ ఇంట్లో పిల్లలు పడి ఉన్న తీరు చూసి, ఎవరో వారి గ్లాసుల్లో మత్తుమందు కలిపి ఉంటారని పోలీసులు మొదట అనుమానించారు. పరీక్షల్లో అలాంటిదేమీ బయటపడలేదు. వాళ్లు తాగినవాటిలో ఫోర్ లోకో ఉంది, కొందరు వోడ్కా, రమ్ము, బీరు కూడా తాగారు. రక్తంలో ఆల్కహాలు 0.12 నుంచి 0.35 శాతం దాకా ఉంది. బండి నడపడానికి అక్కడి పరిమితి 0.08 అని గుర్తు తెచ్చుకుంటే 0.35 అంటే ఏమిటో మీకు అర్థమవుతుంది. అది ప్రాణం మీదికి వచ్చే స్థాయి.

ఆ ఘటన ఆకస్మికంగా వచ్చి పడినది కాదు. ఈ ప్రమాదం గురించి అంతకు రెండేళ్ల ముందు నుంచే హెచ్చరికలు ఉన్నాయి. రాష్ట్రాల తరఫున కేసులు నడిపే అటార్నీ జనరళ్ల ఒత్తిడితో 2008లోనే పెద్ద బీరు కంపెనీలు కూడా దిగివచ్చాయి, ఆన్‌హైజర్ బుష్ తన టిల్ట్, బడ్ ఎక్స్‌ట్రా పానీయాల నుంచీ, మిల్లర్‌కూర్స్ తన స్పార్క్స్ నుంచీ కెఫీన్ తీసేయడానికి ఒప్పుకున్నాయి. అదే ఏడాది నార్త్ కరోలినాలోని 10 విశ్వవిద్యాలయాల్లో 4,271 మంది విద్యార్థులను అడిగి చేసిన సర్వే ఫలితాలు వచ్చాయి. మందులో ఎనర్జీ డ్రింకు కలుపుకునేవాళ్లు గాయపడటం, వైద్యం అవసరపడటం, తాగిన డ్రైవరుతో ప్రయాణించడం లాంటివి, వట్టి మందు తాగేవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు కనబడ్డాయి. ఎంత తాగారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. సర్వే ఒక్కటే కారణాన్ని రుజువు చేయదన్న మాట నిజమే. కానీ బాధ్యత గల వ్యాపారి రుజువు కోసం ఆసుపత్రుల వైపు చూస్తూ కూర్చోడు. 2009 నవంబరులో ఎఫ్‌డీఏ దాదాపు 30 కంపెనీలకు లేఖలు రాసి, మీ పానీయంలో కెఫీన్ క్షేమకరమని చెప్పడానికి ఏ ఆధారం ఉందో చూపించమని అడిగింది. ఏడాది తర్వాత, 2010 నవంబరు 17న, ఫ్యూజన్‌తో సహా నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపి, ఈ మద్య పానీయాల్లో కలిపిన కెఫీన్ సురక్షితం కాని ఆహార సంకలితమని, అంటే ఆహారంలో అలా కలపకూడని పదార్థమని తేల్చింది. ఫ్యూజన్ దానికి ఒక రోజు ముందే కెఫీన్, గ్వారానా, టారిన్ తీసేస్తున్నట్టు ప్రకటించింది.

అప్పుడు కూడా ఆ కంపెనీ తమ పానీయంలో తప్పు లేదనే వాదించింది. రమ్ములో కోలా కలుపుకుని, కాఫీలో విస్కీ పోసుకుని జనం ఏళ్ల తరబడి తాగుతున్నారు కదా అన్నది వారి మాట. మీ రూమ్మేట్లు కూడా రేపు మీతో ఇదే అంటారు కాబట్టి జవాబు దగ్గర పెట్టుకోండి. 355 మిల్లీలీటర్ల కోకా కోలాలో కెఫీన్ సుమారు 34 మిల్లీగ్రాములు. ఎనర్జీ డ్రింకులో 250 మిల్లీలీటర్లకే 80. అంటే అంతే పరిమాణానికి మూడు రెట్ల పైన. విస్కీ కాఫీ అయితే వేడిగా, చిన్న గ్లాసులో, మెల్లగా తాగేది. దాన్ని గిన్నెలో ముంచుకుని ఎవరూ తాగరు.

కంపెనీ బాధ్యత ఎక్కడుందో అంతకంటే స్పష్టంగా చూపినది మరో సంస్థ. ఒక డబ్బా ఒకటి రెండు బీర్లతో సమానమన్న భావం కలిగేలా ఫ్యూజన్ ప్రచారం చేసిందనీ, నిజానికి అది నాలుగైదు బీర్లతో సమానమనీ తప్పుదోవ పట్టించే ప్రచారాలను విచారించే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2011లో ఆరోపించింది. ఆ వ్యవహారం 2013లో ఖరారై, ఎంత ఆల్కహాలు ఉందో, అది ఎన్ని మామూలు డ్రింకులకు సమానమో డబ్బా మీదే చెప్పవలసి వచ్చింది. 2014లో 20 రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో కుదిరిన ఒప్పందంలో కంపెనీ 4 లక్షల డాలర్లు చెల్లించింది, తన పానీయాలను కెఫీన్ ఉన్నవాటితో కలుపుకోమని ప్రచారం చేయబోనని కూడా ఒప్పుకుంది. ఈ వరసలో నాకు ముఖ్యమనిపించేది డబ్బు మొత్తం కాదు. డబ్బాలో ఏముందో, అది ఎన్నింటికి సమానమో కంపెనీకి తెలుసు, కొన్నవాడికి తెలియదు. తెలిసినవాడు తెలియనివాడికి ఆ సంగతి చెప్పకుండా చేతిలో పెట్టడమే అసలు తప్పు. మిగిలిన తప్పులన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

ఇది నాకు పుస్తకాల వల్ల మాత్రమే తెలిసిన విషయం కాదు. నేను పనిచేసిన ఒక కాలేజీ ల్యాబులో, వానాకాలంలో చెమ్మకు లేబులు ఊడిపోయిన ఒక ఆమ్లం సీసాను బెంచీ మీద వదిలేశాను. అది సజల ఆమ్లం కాదనీ గాఢమైనదనీ నాకు తెలుసు, సాయంత్రం కొత్త లేబులు అంటిద్దామనుకున్నాను. ఈలోగా రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు తన ప్రయోగానికి దాన్నే ఒంపుకున్నాడు. మణికట్టు దగ్గర చర్మం ఊడిపోయింది. ‘అడగకుండా ఎవరు తీసుకోమన్నారు?’ అని నేను వాడి మీదే కేకలేశాను. అటెండరు జాగ్రత్తగా ఉండాల్సిందనీ, స్టోరు వాళ్లు మంచి లేబుళ్లు ఇవ్వాల్సిందనీ అనుకున్నాను. అన్నీ నిజమే. కానీ ఆ గదిలో ఆ సీసాలో ఏముందో తెలిసింది నాకొక్కదానికే. వాడి ముందు ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ వాడు కట్టు కట్టుకుని నా క్లాసులో రెండో వరసలోనే కూర్చున్నాడు.

ఇప్పుడు మీ గిన్నె దగ్గరికి వద్దాం. ఎఫ్‌డీఏ చర్య ఫ్యాక్టరీలో ముందే కలిపి అమ్మే పానీయాలకు సంబంధించినది. బారు కౌంటరులో కలిపితే, ఇంట్లో కలిపితే ఆ లేఖలు ఆపలేవు. మీరు కొన్న దుకాణంలో వోడ్కా ఒక అరలో, ఎనర్జీ డ్రింకు మరో అరలో విడివిడిగా ఉన్నాయి, రెండూ చట్టబద్ధమే. కెనడాలో ఎనర్జీ డ్రింకు డబ్బా మీద ‘మద్యంతో కలపరాదు’ అని తప్పనిసరిగా రాయాలి. మీరున్న దేశంలో ఆ నిబంధన లేదు. మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇలాంటి పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండాలనీ, రోజుకు 500 మిల్లీలీటర్లు మించి తాగవద్దని డబ్బా మీద ముద్రించాలనీ చెప్పింది. ఆ అక్షరాలు ఎంత చిన్నవో మీకూ తెలుసు. డబ్బా మీద ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేమీ కాదు కాబట్టి, చెప్పకుండా అమ్మే కంపెనీల వంతు బాధ్యతను నేను మాఫీ చేయను.

కానీ ఆ శనివారం రాత్రి ఫ్యాక్టరీ పని మీరు చేశారు. ఎంత వోడ్కా పోశారో, ఎన్ని డబ్బాలు పోశారో చూసింది మీరు. తియ్యగా ఉన్న ఆ నీళ్లలో వోడ్కా ఘాటు నాలుకకు తెలియదు, కాబట్టి తాగేవాడికి లెక్క తెలిసే దారి మీరు చెప్పడం ఒక్కటే. మీకు దాని ప్రమాదం పూర్తిగా తెలియదు, నిజమే, ఆ మేరకు మీ బాధ్యత ఆ కంపెనీదాని కంటే తక్కువ. అయినా అతనికి అలవాటు లేదని తెలుసు, రెండు గ్లాసులకే మీ మనసు ‘చాలేమో’ అంది. ఆ మాట మీ నోటి దాకా వచ్చింది కూడా. ఇంకొకటి ఉంది. దేశం కాని దేశంలో, నెల రోజుల క్రితం దిగిన కుర్రాడు మిమ్మల్ని ‘అన్నా’ అని పిలిచాడు. మనవాళ్లలో ఆ పిలుపు వట్టి మర్యాద కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. అన్న చేతితో ఇచ్చినదాన్ని వద్దనడం ఆ వయసులో, ఆ కొత్తలో ఎంత కష్టమో ఒకసారి మీరు దిగిన మొదటి నెలను తలచుకుంటే తెలుస్తుంది. బలవంతం చేయలేదన్నది మాట వరకు నిజం. అంతకుమించి ఆ మాట మీకు అక్కరకు రాదు.

అతని వంతు కూడా ఉంది. 22 ఏళ్లవాడు, పెద్దవాడు. అలవాటు లేని చోట మొదటి గ్లాసు ఎత్తాలా వద్దా అన్న నిర్ణయం పూర్తి తెలివితో అతనే తీసుకున్నాడు. మొదటి గ్లాసుకు అతను ఎక్కువగా బాధ్యుడు, మూడో గ్లాసుకు మీరు ఎక్కువగా బాధ్యులు. మధ్యలో ఉన్నదాన్ని తూకం వేసి పంచడం నా వల్ల కాదు.

నా మనసుకు మూడో గ్లాసు కంటే బరువుగా తగిలినవి ఆ నలభై నిమిషాలు. దీని గురించి మీరు నన్ను అడగలేదు, అయినా చెప్పకుండా వదలలేను. కలిపినప్పుడు మీకు తెలియదు. బాత్రూము నేల మీద పలకకుండా పడి ఉన్నవాణ్ని చూసినప్పుడు మీ నలుగురికీ తెలుసు. పొట్టలో మిగిలిన ఆల్కహాలు స్పృహ పోయాక కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, అందుకే పడిపోయినప్పటి స్థితి కంటే అరగంట తర్వాతి స్థితి ఘోరంగా ఉండవచ్చు. వెల్లకిలా పడుకున్నవాడు వాంతి చేసుకుంటే అది శ్వాసనాళంలోకి పోయి ఊపిరి ఆగిపోవచ్చు. పిలిచినా, గిల్లినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిదికి లోపే ఊపిరి తీయడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం, ఒళ్లు చల్లగా జిగటగా అవడం, పెదవులు నీలం తిరగడం, నిద్రలోనే వాంతి కావడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా మరో ఆలోచన లేకుండా 911కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా ఊపిరి చూస్తూ ఉండాలి. నిమ్మరసం పోయడం, కాఫీ తాగించడం, షవరు కింద నిలబెట్టడం చేయకూడదు. ఎంత తాగాడో, అందులో ఎనర్జీ డ్రింకు కలిసిందో లేదో వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పాలి. వీసా భయం నాకు అర్థమవుతుంది, వేల మైళ్ల దూరంలో అప్పు చేసి చదువుకుంటున్న పిల్లలకు అది చిన్న భయం కాదు. కానీ ఆ భయంతో నలభై నిమిషాలు ఆలస్యం చేసినప్పుడు పణంగా పెట్టింది అతని ప్రాణాన్ని. అతను బతికాడు కాబట్టి ఈ వాక్యం నేను ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను.

చట్టం గురించి ఒక్క మాట. అక్కడ మద్యం తాగడానికి కనీస వయసు 21, అతనికి అది దాటింది కాబట్టి చిన్నవాడికి మద్యం ఇచ్చిన నేరం అనే ప్రశ్న ఇక్కడ రాదు. మిగతా విషయాలకు అక్కడి లాయరునే అడగాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు న్యాయ సలహా ఇచ్చే కార్యాలయం ఉంటుంది, ఆ అబ్బాయి అక్కడికి వెళ్లవచ్చు. ఆసుపత్రి బిల్లులో బీమా కట్టగా మిగిలిన దాంట్లో మీ నలుగురూ వంతు వేసుకోండి. అతను మొహమాటంతో వద్దంటాడు, వినకండి.

ఇక చేయవలసిన పనుల్లో మొదటిది, మీ రూమ్మేట్లను కూర్చోబెట్టి పైన నేను వేసిన లెక్క చూపించడం. వాళ్లను దోషులుగా నిలబెట్టమని కాదు, వచ్చే పార్టీలో గిన్నె కలిపేది వాళ్లలో ఒకరు కావచ్చు కాబట్టి. మందు తాగాలనుకునేవాళ్లు తాగుతారు, నేను ఇక్కడి నుంచి ఆపలేను. మీ ఇంట్లో మాత్రం మందులో ఎనర్జీ డ్రింకు కలపడం ఇక ఉండదని తేల్చి చెప్పండి. గిన్నెలో ముంచుకోవడం అసలే వద్దు, అందులో ఎవరెంత తాగారో ఎవరికీ తెలియదు.

రెండోది ఆ అబ్బాయితో మాట్లాడటం. రూములో అందరి ముందూ వద్దు. ఇద్దరే ఎక్కడికైనా నడుచుకుంటూ వెళ్లండి. ‘నీకు ఎక్కలేదని నీకు అనిపించడానికి కారణం నేను కలిపింది, నీ తెలివితక్కువతనం కాదు’ అని చెప్పండి. అతనిప్పుడు ‘నాకే తాగడం చేతకాలేదు’ అని సిగ్గుతో కుమిలిపోతూ ఉండే అవకాశం చాలా ఉంది, ఆ సిగ్గును అతని మీద నుంచి మీరే దించగలరు. ఫోను చేయడం ఆలస్యమైన సంగతి కూడా దాచకండి. ఆసుపత్రి కాగితాల్లో సమయం ఉంటుంది. మరెవరి నోటి నుంచో విననివ్వకుండా మీరే చెప్పడం మంచిది.

మూడోది వాళ్ల నాన్నగారి సంగతి. తాగిన విషయం ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది ఆ అబ్బాయి నిర్ణయం, అతని అనుమతి లేకుండా మీరు నోరు విప్పకూడదు. కానీ ఆ అబద్ధం చెప్పింది అతను కాదు, మీరు. దాన్ని సరిచేయడానికి మీరు సిద్ధంగా ఉన్నారని అతనికి తెలియాలి. అతను ఒప్పుకుంటే అతణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోను మీరే చేయండి. మొదటి వాక్యంలోనే ‘మీ అబ్బాయి బాగున్నాడండీ, నా పక్కనే ఉన్నాడు’ అనండి, ఆ తర్వాతే మిగతాది. కలిపింది మీరని చెప్పండి, ఆలస్యం చేశామని చెప్పండి, కంపెనీల గురించీ ఎఫ్‌డీఏ గురించీ ఆయనతో మాట్లాడకండి. ఆయన కోప్పడితే పూర్తయ్యేదాకా వినండి. మీకు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఖమ్మంలో ఉదయం ఆరున్నర అవుతుంది. ఆయన పనుల్లో పడక ముందు, ఆ వేళకు చేయండి.